పంపులో ఈల

జూన్ 3, బుధవారం

మా పత్రికలో ఈ ఏడాది కంప్యూటర్ కూలర్ల పోలిక మొదలైంది. బల్ల నిండా డబ్బాలు. పేస్టన్న అలవాటు ప్రకారం కంపెనీ పేర్ల మీద తెల్ల కాగితాలు అంటించి, తనకు తోచిన పేర్లు పెట్టాడు. మూడు ఫ్యాన్లున్నది లావాటిది. ఒళ్ళంతా రంగు లైట్లున్నది సర్కస్సు. ఎంత తిప్పినా స్క్రూ ఎక్కనిది మొండిది. అన్నిటికన్నా చిన్నది బుడ్డోడు. కంపెనీ పేరు చూసి మార్కులు వేయకూడదని ఎడిటర్ గారి రూలు. ఆ రూలు పేస్టన్నకు వర్తించదు. ప్రాసెసర్ మీద పేస్టు పూసి కూలర్ బిగించేది ఆయనే. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నాడు కాబట్టి ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు.

పొద్దున్నంతా వేడి లెక్కలు. ఒకే ప్రాసెసర్‌ను అందరి కిందా పెట్టి, రొప్పు వచ్చేదాకా పరిగెత్తించి, ఎవరు ఎంత చల్లబరిచారో చూశాం. లావాటిది గెలుస్తుందనుకున్నాం. బుడ్డోడు అందరి నోళ్ళూ మూయించాడు.

"ఇంతున్నాడు, వేడిని ఎలా లాగేస్తున్నాడో చూడు చెల్లెమ్మా" అని పేస్టన్న సొంత కొడుకు పాసైనట్టు మురిసిపోయాడు.

మధ్యాహ్నం నా వంతు. ఫోమ్ గోడల గది, తలుపు మూస్తే బయటి ప్రపంచం లేదు. ఫ్యాన్లు ఆపేసి, నీళ్ళు తిప్పే పంపు ఒక్కటే నడిపిస్తాం. నేను అద్దం మీద తడితే బయట నుంచి పేస్టన్న స్విచ్చి వేస్తాడు. మీటరు ఎంత శబ్దమో చెబుతుంది. ఎలాంటి శబ్దమో చెప్పడం నా పని. పట్టికలో చివరి గడి నాదే. రెండు కూలర్లు దగ్గర దగ్గరగా వస్తే ఆ గడే తేలుస్తుంది. ఆఫీసంతా నన్ను పాముచెవి అని ఊరికే అనరు.

బుడ్డోడి పంపులో ఈల ఉంది. సూది మొనంత సన్నం, ఆగకుండా. మీటరు పట్టుకోలేకపోయింది. నేను పట్టుకున్నాను. "చెవిని తొలిచే ఈల. ఇంట్లో పెట్టుకోలేరు" అని రాసి ఇచ్చాను. పేస్టన్న ముఖం వాడిపోయింది. ఏం చేస్తాం, చెవికి మొహమాటం లేదు.

జూన్ 4

లావాటిదానిలోనూ ఉంది. సర్కస్సులోనూ. బుడ్డోడి అంత కాదు, కానీ ఉంది. ఈ పంపులన్నీ ఏదో ఒక్క ఫ్యాక్టరీలోనే చేస్తారని విన్నాను. ఆ ఫ్యాక్టరీలో ఏదో తేడా చేసి ఉంటారు. పాఠకులకు చెప్పాల్సిన సంగతి ఇది. పేజీలో వేరే పెట్టె కట్టి వేయమని ఎడిటర్ గారికి చెప్పాలి.

జూన్ 5

ఫోన్ పాడైంది. ఎడమ చెవికి పెట్టుకుంటే అవతలి మనిషి డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది. కొత్తది కొనాలి.

జూన్ 7, ఆదివారం

రోజంతా ఇంట్లోనే. అమ్మ మిషన్ మీద ఎవరివో పరదాలు కుడుతోంది. ఆమెకు మిషన్ చప్పుడు వినపడదు, మోకాలితో తెలుసుకుంటుంది. దారం తెగితే నాకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. మేమిద్దరం మాట్లాడుకోవడానికి మా పద్ధతులు మాకున్నాయి. వెలుగులో నిలబడాలి. బల్ల మీద తట్టాలి. పెదవులు కాస్త ఎక్కువ కదపాలి. తలుపు గంటకు బదులు వంటింట్లో బల్బు వెలుగుతుంది. నేను బళ్ళో ఉండగానే అమ్మ చెవులు పోయాయి. ముందు ఒకటి, ఏడాది తిరక్కుండా రెండోది.

ఆ రోజుల్లో అమ్మకు ఇంకో మిషన్ ఉండేది, నల్లది, బరువుది. అది కూస్తోందని అమ్మ గోల పెట్టేది. మెకానిక్ వచ్చి నూనె పోసి, విప్పి, బిగించి, "శబ్దమేమీ లేదమ్మగారూ" అంటే, "చెవుల్లో దూది పెట్టుకుని రిపేర్లు చేస్తారా" అని పాపం అతన్ని ఉతికి ఆరేసింది. అతని నడకను నేను చాలా కాలం అనుకరించి చూపించేదాన్ని, నాన్న పడీ పడీ నవ్వేవాడు. ఎందుకో ఇవాళ అదంతా గుర్తొచ్చింది.

ఫ్రిజ్ కూడా ఈల వేస్తోంది. ప్లగ్ తీసి చూశాను. పక్కింటి వాళ్ళ ఫ్రిజ్ అయ్యుంటుంది.

జూన్ 8

ఎడిటర్ గారు పొంగిపోతున్నారు. వేడిలో మొదటి స్థానం వచ్చిన కూలర్ శబ్దంలో చివరి స్థానానికి పడిందంటే అది మంచి కథట. "పాముచెవి గారూ, మీరు లేకపోతే ఈ మీటరు మనల్ని ముంచేసేది" అన్నారు. నేనూ నవ్వాను. ఆయన నాకు ఎడమవైపు నిలబడి ఉన్నారు. ఆ మాట రెండోసారి అనిపించుకుని గానీ వినలేకపోయాను. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు మరి.

మీటరు సరిచూడటానికి పంపించేశాను. అన్ని పంపుల్లో ఉన్న ఈలను పట్టుకోలేని మీటరు ఉండి ఏం లాభం.

జూన్ 9

గుబిలి. అంతే అయ్యుంటుంది. మందుల షాపులో చుక్కలు తెచ్చుకుని వేసుకున్నాను. చెవిలో బుడబుడమంది, కాసేపు బాగానే ఉన్నట్టనిపించింది. మళ్ళీ మొదలైంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఏం చెప్పాలి? "మీరేం పని చేస్తారు" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన మరుక్షణం ఆ పని నాది కాకుండా పోతుందేమోనని భయం. కాస్త జలుబుగా కూడా ఉంది. జలుబు తగ్గనీ.

జూన్ 10

ఎడిటర్ గారు ఈల సంగతి తెలియజేశారట, బుడ్డోడిని తయారుచేసిన పెద్దాయన ఇవాళ ఆఫీసుకు వచ్చాడు. రూలు ప్రకారం నాకు తెలియకూడదు, కానీ పెద్దాయన సంచిలోంచి ఇంకో మూడు బుడ్డోళ్ళను తీసి బల్ల మీద వరసగా పెట్టేసరికి తెలియనట్టు నటించడానికి ఏమీ మిగల్లేదు. చేతి వేళ్ళకు రాగి మరకలు. చిన్న షెడ్డు, నలుగురైదుగురు పనివాళ్ళు, ఎన్నో ఏళ్ళ కష్టం తర్వాత చేసిన మొదటి పంపు.

"తప్పు పట్టడానికి రాలేదు తల్లీ. ఈల ఎక్కడ వస్తోందో చూపిస్తే సరిచేసుకుంటాను" అన్నాడు.

పంపు నడిపించాం. ఆయన తల వంచి, దాదాపు చెంప ఆనించి విన్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"నాకు వినపడట్లేదమ్మా. వయసు పైబడింది, నా చెవులు పోయినట్టున్నాయి. మా కుర్రాళ్ళకీ వినపడలేదు. పొద్దస్తమానం ఆ పాటలు పెట్టుకుని చెవులు పాడుచేసుకున్నారు వెధవలు. మీకు ఏ పక్క నుంచి వస్తోంది?"

"ఎడమ పక్క నుంచి" అన్నాను.

"పంపు గుండ్రంగా ఉంటుంది కదమ్మా. దానికి ఎడమ పక్కేముంది?"

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు, పంపును చేతుల్లో అటూ ఇటూ తిప్పుతూ. పేస్టన్న నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నేను ఏదో అన్నాను, నీళ్ళు లోపలికి వచ్చే వైపు అనో ఏమో. ఆయన తల ఊపాడు.

"మీ మాటే ఖాయం. పంపు పోత పోసే అచ్చులోనే లోపం ఉండి ఉంటుంది. పగలగొట్టించేసి కొత్తది పోయిస్తాను" అని మూడు బుడ్డోళ్ళను మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆపలేదు. మెట్లు దిగుతుంటే కూడా ఆపలేదు.

జూన్ 11

ఇవాళ ఈల లేదు. ఫ్యాన్ వేసుకుంటే అస్సలు లేదు.

జూన్ 12

మీటరు తిరిగి వచ్చింది. ఏ లోపమూ లేదని చీటీ రాసి పంపారు.

అయితే నా చెవే మీటరు కన్నా మెరుగని రుజువైంది కదా అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, ఇక్కడ రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. మొండిదాన్ని మళ్ళీ ఓసారి వినాలని గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాను. అద్దం మీద తట్టాను. కళ్ళు మూసుకున్నాను. ఈల మొదలైంది. ఎడమ నుంచి, సన్నగా, ఆగకుండా. మొన్నటికన్నా గట్టిగానే ఉందనిపించింది. "ఈల స్పష్టం. మొదటిసారి కన్నా ఎక్కువ" అని రాస్తున్నాను.

తలుపు తెరిచి పేస్టన్న వచ్చాడు, చేతిలో టీ గ్లాసు.

"అయ్యో, అప్పుడే వచ్చేశావా. నేను టీకి వెళ్ళాను. ప్లగ్ కూడా పెట్టలేదు ఇంకా."

వైరు నేల మీద చుట్ట చుట్టి పడి ఉంది. ఆయన ముందు వైరు వైపు, తర్వాత నా చేతిలోని కాగితం వైపు చూశాడు. చదివాడనుకుంటాను. ఆ క్షణంలో కూడా ఈల వినపడుతూనే ఉంది, ఆయన మాట్లాడుతున్నప్పుడు ఆయన మాట వెనకాల కూడా.

"చెల్లెమ్మా" అన్నాడు. టీ గ్లాసు నా చేతికిచ్చాడు. "నేనెవరికీ చెప్పను. కానీ నువ్వు వెంటనే ఎవరికైనా చూపించుకో."

జూన్ 13

భయంగా ఉంది.

రేడియో పెట్టుకుని కుడి చెవి మూసుకుంటే, చదివే ఆవిడ గొంతు దుప్పటి కింద నుంచి వస్తోంది. ఎడమ చెవి మూసుకుంటే మామూలుగా ఉంది. మళ్ళీ చూశాను. మళ్ళీ. కూలర్లను ఇన్నిసార్లు పరీక్షించలేదు నేను.

భయంగా ఉంది. నెమ్మదిగా రెండోదీ పోతే? అమ్మకు నేనున్నాను, తలుపు తీయడానికి, కుళాయి కట్టడానికి, ఫోన్లో మాట్లాడటానికి. మా ఇద్దరికీ ఎవరున్నారు?

జూన్ 14, ఆదివారం

పొద్దున అమ్మ కుట్టు ఆపి నన్నే చూస్తోంది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. వచ్చి నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఏమిటి?"

"ఎవరు మాట్లాడినా తల అటు తిప్పుతున్నావు. కుడి చెవి ముందుకు పెడుతున్నావు. నాకు చెవులు లేవు గానీ కళ్ళున్నాయి."

జలుబు అన్నాను. గుబిలి అన్నాను. ఆఫీసులో పంపులన్నీ పాడు పంపులు అన్నాను. అమ్మ నా పెదవులనే చూస్తూ అన్నీ చెప్పనిచ్చింది. అంతా అయ్యాక కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"మన నల్ల మిషన్ గుర్తుందా? కూస్తోందని అమ్మేశాను."

"గుర్తుంది."

"అది కూయలేదు."

అమ్మ గొంతు ఎప్పుడూ కాస్త పెద్దది, తనకు తెలియదు కదా. ఇవాళ మాత్రం చాలా చిన్నగా వచ్చింది.

"బంగారం లాంటి మిషన్. ఆ మెకానిక్కు నూనె పోసీ పోసీ చేతులు నొప్పెట్టి ఉంటాయి. దాన్ని అమ్మేసిన రోజు ఇంట్లో మిషనే లేదు, ఈల మాత్రం ఉంది. అప్పుడు తెలిసింది నాకు. తెలిసినా మీ నాన్నకు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని. చెప్పేసరికి డాక్టరు, 'మొదట్లోనే రావాల్సింది కదమ్మా, మందు పనిచేసే రోజులు దాటిపోయాయి' అన్నాడు."

అమ్మ ఇది ఎప్పుడూ చెప్పలేదు. పుట్టుకతో వచ్చిన బలహీనత అని, జ్వరం వచ్చి పోయిందని, ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పేది. నేను మెకానిక్ నడక నడిచి చూపిస్తుంటే తనూ నవ్వేది. ఎలా నవ్విందో.

"రేపు పొద్దున్నే వెళ్తున్నాం. నువ్వు రానంటే నిన్ను ఈడ్చుకెళ్తాను. అరిచి గోల చేస్తావా, చెయ్యి, నాకేం వినపడదు" అంది.

జూన్ 15

ఇది రాయకుండా ఉండలేను. ఎవరికీ చెప్పుకోలేను.

చెవుల ఆసుపత్రిలో ఒక చిన్న గది. ఫోమ్ గోడలు. అచ్చం నా గదే, కాకపోతే ఈసారి బల్ల మీద పెట్టింది నన్ను. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి చేతికి బటన్ ఇచ్చారు. శబ్దం వినపడితే నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ మిషన్ మీటలు నొక్కుతోంది. ఆవిడ వెనకాల అమ్మ నిలబడింది, రావద్దన్నా వినకుండా.

కుడి చెవి సాఫీగా అయిపోయింది. ఎడమ చెవి మొదలయ్యాక నాకు ఏమీ తెలియలేదు. ఈల ఉంది. ఈల వెనకాల ఇంకేదైనా ఉందా, అదే ఈలా? నొక్కనా వద్దా అని తల ఎత్తితే అద్దంలో అమ్మ కనిపించింది. పరీక్ష చేసే ఆవిడ వేలు మీట మీద పడగానే అమ్మ నా వైపు చూసి చిన్నగా తల ఊపింది.

నొక్కాను.

మళ్ళీ తల ఊపింది. మళ్ళీ నొక్కాను. పిల్లను పరీక్షలో పాస్ చేయించాలని కిటికీ అవతల నుంచి జవాబులు అందించే తల్లిలా ఉంది, చెవులు పోయిన మా అమ్మ, నా పిచ్చి అమ్మ. చివరిదాకా అలాగే నొక్కుతూ పోయాను. ఆవిడ కాగితం చూసి, "ఎడమ చెవి కూడా బాగానే ఉందండీ, మీరు అనవసరంగా కంగారు పడ్డారు" అంది.

ఎంత హాయిగా అనిపించిందో. బాగానే ఉందట. చేతిలో కాగితం కూడా ఉంది. అమ్మ నా భుజం పట్టుకుని నవ్వుతోంది. బయటి గేటు దాకా వచ్చేశాం. అక్కడ ఒక ఆటో హారన్ కొడుతూ నా ఎడమ పక్క నుంచి, చేతి సంచిని రాసుకుంటూ వెళ్ళింది. అది పక్కకు వచ్చేదాకా నాకు తెలియలేదు. అమ్మకు ఎలాగూ తెలియదు. ఇద్దరం ఒకే క్షణంలో ఉలిక్కిపడ్డాం, ఒకే రకంగా.

వెనక్కి వెళ్ళాను. ఆవిడతో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు, కుర్చీని తిప్పి నా వీపు అద్దం వైపు ఉండేలా వేసింది. కళ్ళు కూడా మూసుకున్నాను. ఈసారి చాలాసేపటి దాకా బటన్ నొక్కాల్సిన అవసరమే రాలేదు.

డాక్టరు మాత్రలు రాశాడు. కొందరికి మొత్తం తిరిగొస్తుందట, కొందరికి కొంత, కొందరికి ఏమీ రాదట. "మొదటి రోజే వచ్చి ఉంటే" అని మొదలుపెట్టి, అమ్మ ముఖం చూసి ఆపేశాడు.

జూన్ 16

ఎడిటర్ గారికి చెప్పాను. నా గడి మొత్తం కొట్టేయమన్నాను, అన్ని కూలర్లకూ. ఆయన పట్టికను చాలాసేపు చూశారు. అది తీసేస్తే బుడ్డోడు మొదటి స్థానానికి వచ్చేస్తాడు. "సరే, నిజం అదే అయితే అదే వేద్దాం" అన్నారు. తర్వాత, "మరి వచ్చే ఏడాది?" అని అడిగారు.

పెద్దాయనకు ఫోన్ చేశాను, కుడి చెవికి పెట్టుకుని. ఈల మీ పంపులో లేదు, నా చెవిలో ఉంది అని చెప్పాను.

"అంటే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు. సంతోషించాడు కూడా.

"అచ్చు..." అన్నాను.

"నిన్ననే పగలగొట్టాం తల్లీ."

క్షమించమన్నాను. "నీ చెవి సంగతి చూసుకో ముందు. అచ్చుదేముంది, మళ్ళీ పోసుకుంటాం" అన్నాడు. ఆ మాట అనడానికి ముందు ఆయన తీసుకున్న ఊపిరి స్పష్టంగా వినపడింది నాకు. వినపడకపోయినా బాగుండేది.

జూన్ 19

మాత్రలకు నిద్ర లేదు, ఆకలి విపరీతం. మార్పు లేదు.

జూన్ 23

వంటింట్లో గిన్నె పడితే ఎడమ పక్క నుంచి విన్నట్టనిపించింది. ఆశ పడకూడదు. మళ్ళీ పడేసి చూశాను. అమ్మ వచ్చి గిన్నెలన్నీ తీసి పైన పెట్టేసింది.

జూన్ 29

రెండో పరీక్ష. అడక్కుండానే నేనే కుర్చీ తిప్పుకున్నాను. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది, తనంతట తనే.

లావు శబ్దాలు చాలావరకు తిరిగొచ్చాయి. ఎడమ వైపు నిలబడి మాట్లాడితే మాట తెలుస్తుంది. సన్నటివి రాలేదు, ఇక రాకపోవచ్చన్నాడు డాక్టరు. నా పనికి కావలసినవి ఆ సన్నటివే. కుడి చెవి గురించి అడిగాను. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూపించుకోమన్నాడు. ఇంకేమీ మాట ఇవ్వలేదు. ఈల గురించి అడిగితే, "అది ఉంటుంది. అలవాటు పడాలి" అన్నాడు.

సాయంత్రం అమ్మా నేనూ కిటికీ దగ్గర కూర్చున్నాం. వెలుగు ఇంకా ఉంది, నా పెదవులు ఆమెకు కనిపిస్తున్నాయి. మిషన్ ఆగి ఉంది, ఫ్రిజ్ ఆగి ఉంది, వీధిలో ఎవరూ లేరు. భయం పోలేదు. ఇంతకుముందు అంతా నాకు తెలియకుండా జరుగుతోందని భయం, ఇప్పుడు అన్నీ తెలిసిన భయం.

"ఇప్పుడు వినపడుతోందా ఈల?" అని అడిగింది అమ్మ.

"వినపడుతోంది."

అమ్మ పరదా గుడ్డను ఒళ్ళో మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"నాకూ" అంది.